వాడిన డీజిల్ ఎడారి వాహనం: కొనేముందు చేయవలసిన పరీక్షలు

మన పల్లెలలో సంతకు వెళ్లి ఎడ్లను కొనడం ఒక విద్య. రైతు ఎద్దు నోరు తెరిపించి పళ్లు లెక్కించేవాడు. నాలుగడుగులు నడిపించి డెక్కలను గమనించేవాడు. మూపురం ముందు కాడి రాసిన కాయను చేత్తో తడిమేవాడు. చివరకు బండికి కట్టి బరువు లాగించి చూసేవాడు. అమ్మకందారు చెప్పిన వయసును మాత్రం లెక్కలోకి తీసుకునేవాడు కాదు. ఆ రైతు బిడ్డలే కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల నుండి కువైట్ చేరి, నేడు వాడిన వాహనాలు కొంటున్నారు. అయితే వాహనం విషయంలో మనలో చాలామంది మీటరు మీది అంకెను, పైరంగు మెరుపును చూసి నిర్ణయం తీసుకుంటున్నాం. ఆ రెండూ అమ్మకందారు చేతిలో ఉన్నవే కదా!

కువైట్‌లో సొంత అవసరానికి వాడే కార్లు ఎక్కువగా పెట్రోలువే. డీజిల్‌తో నడిచేవి ప్రధానంగా పికప్‌లు, లారీలు, బస్సులు, వఫ్రా, అబ్దలీ తోటలలోనూ నిర్మాణ స్థలాలలోనూ శ్రమించే ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలు. అంటే అమ్మకానికి వచ్చే డీజిల్ వాహనం సాధారణంగా షికారుకు తిరిగినది కాదు, చాకిరీ చేసినది. దానిని కొనేవారు కూడా సరకు రవాణాకో, తోట పనికో, చిన్న వ్యాపారానికో కొంటారు. కొన్ని నెలల జీతం, ఒక్కొక్కసారి నలుగురు మిత్రుల ఉమ్మడి పొదుపు అందులో పడుతుంది. పైగా ఎడారిలో వాహనం ఆగిపోవడం ఇతరత్రా ఆగిపోవడం వంటిది కాదు. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ధ్రువీకరించిన అంకె అది. అటువంటి ఎండలో తారురోడ్డుకు పది కిలోమీటర్ల దూరాన ఇంజను మొరాయిస్తే నష్టపోయేది డబ్బు ఒక్కటే కాదు.

అందువల్ల ఎడారి వాహనానికి అసలు వయసు ఏది అన్నది మొదటి ప్రశ్న. అది తిరిగిన కిలోమీటర్లు కావు. అది మింగిన ధూళి, భరించిన వేడి. ఈ రెండింటి ఆనవాళ్లను చదవడం నేర్చుకుంటే చాలావరకు మోసపోకుండా ఉండవచ్చు.

ధూళి చేసే పని

ఒక ఉదాహరణతో లెక్క వేద్దాం. టయోటా ల్యాండ్ క్రూయిజర్ 70 శ్రేణిలో 1990 నుండి వాడుకలోకి వచ్చిన ‘వన్ హెచ్ జెడ్’ అనే డీజిల్ ఇంజను పరిమాణం 4.2 లీటర్లు. నాలుగు ఘాతాల ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన పరిమాణమంత గాలిని పీలుస్తుంది. నిమిషానికి 2,000 చుట్ల వేగంతో తిరిగితే సుమారు నాలుగు వేల లీటర్లు, గంటకు దాదాపు 2,40,000 లీటర్ల గాలి లోపలికి పోతుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గల గదులు ఏడింటిలో పట్టేంత గాలి అది!

షమాల్ గాలి వీచే రోజుల్లో, కువైటీలు ‘తోజ్’ అని పిలిచే ధూళి తుఫాను కమ్మినప్పుడు ఆ గాలిలో ఏముంటుందో మనకు తెలియనిది కాదు. 2022 మే నెలలో వచ్చిన ధూళి తుఫానులకు కువైట్ విమానాశ్రయంలో రాకపోకలే నిలిచిపోయాయి. ఆ ధూళిలో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. కాఠిన్యాన్ని కొలిచే మోహ్స్ మానంలో క్వార్ట్జ్ స్థానం 7. సిలిండరు గోడలను చేసే పోత ఇనుము కన్నా అది గట్టిది. గాలి వడపోత సరిగా లేకపోతే ఆ రేణువులు నూనెతో కలిసి సాన పెట్టే ముద్దగా మారి, పిస్టను రింగులను, సిలిండరు గోడలను అరగదీస్తాయి. చెంచాలతో కొలవగలిగినంత ధూళి చాలు, దృఢమైన ఇంజనును సైతం అకాల వృద్ధాప్యానికి గురిచేయడానికి.

డీజిల్ ఇంజను రహస్యం

పెట్రోలు ఇంజనులో స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ పుట్టిస్తుంది. డీజిల్ ఇంజనులో ఆ రవ్వ లేదు. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1893లో పేటెంటు పొంది, 1897లో ఔగ్స్‌బర్గ్ నగరంలో విజయవంతంగా నడిపి చూపిన ఇంజను మూలసూత్రం వేరు. గాలిని తీవ్రంగా నొక్కితే అది వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోకి ఇంధనాన్ని చిమ్మితే దానంతట అదే మండుతుంది. సైకిలు పంపు కొడుతున్నప్పుడు దాని అడుగుభాగం వేడెక్కడం మనందరికీ అనుభవమే. డీజిల్ ఇంజనులో గాలి పదహారు నుండి ఇరవైరెండు రెట్ల వరకు నొక్కబడి, దాని ఉష్ణోగ్రత ఐదు వందల డిగ్రీల ప్రాంతానికి చేరుతుంది.

ఇక్కడే ఒక కీలకాంశం ఉంది. రింగులు అరిగితే నొక్కిన గాలి పక్కల నుండి కారిపోతుంది. కావలసిన వేడి పుట్టదు. కనుక డీజిల్ ఇంజనులో అరుగుదల మొట్టమొదట బయటపడేది చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయడంలోనే.

చల్లని ఇంజనుతో మొదలు

వాహనం చూడటానికి వస్తున్నామని చెప్పినప్పుడే ఇంజను స్టార్ట్ చేయవద్దని కోరాలి. వెళ్లగానే బానెట్ మీద చేయి వేసి చూడాలి. ఎండకు పైరేకు ఎలాగూ కాలుతుంది కనుక తెల్లవారుజామునే వెళ్లడం మంచిది. బానెట్ ఎత్తి ఇంజను దగ్గర వేడిని కూడా గమనించాలి. ముందుగానే వేడి చేసి ఉంచారంటే దాచదలచినది ఏదో ఉందని అనుమానించవచ్చు.

కువైట్‌లో నివసించేవారు గుర్తుంచుకోవలసిన విశేషం మరొకటి ఉంది. వేసవిలో అరిగిన డీజిల్ ఇంజను సైతం చక్కగా స్టార్ట్ అవుతుంది. లోపలికి వచ్చే గాలే 45 డిగ్రీల వేడితో ఉంటుంది గదా! శీతకాలపు ఉదయం ఎడారిలో ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు పడిపోతుంది. మొదట్లో ఉన్న ఈ 40 డిగ్రీల తేడా, గాలిని నొక్కడం పూర్తయ్యేసరికి సుమారు వంద డిగ్రీల తేడాగా పెరుగుతుందని లెక్క చెబుతుంది. అందువల్ల జూలైలో తొలి తిప్పుకే లేచిన ఇంజను జనవరిలో మొండికేయవచ్చు. వీలైతే డీజిల్ వాహనాన్ని డిసెంబరు, జనవరి నెలల ఉదయాలలో పరీక్షించాలి. వేసవిలో కొనక తప్పని స్థితిలో స్టార్టింగ్ పరీక్షకు ఎక్కువ విలువ ఇవ్వకుండా, ఇక ముందు చెప్పబోయే పరీక్షలపై ఆధారపడాలి.

పొగ చెప్పే కథ

ఇంజను లేచిన క్షణం నుండి ఒక మనిషి పొగగొట్టం దగ్గర నిలబడి చూడాలి. నలుపు, నీలం, తెలుపు అనే మూడు రంగులకు మూడు అర్థాలు.

నల్లపొగ వస్తే ఇంధనం ఎక్కువై, గాలి తక్కువైందని అర్థం. వడపోత మూసుకుపోవడం, ఇంజెక్టర్లు సరిగా చిమ్మకపోవడం, టర్బో బలహీనపడటం దీనికి కారణాలు. ఒక్కసారిగా యాక్సిలరేటరు తొక్కినప్పుడు పాత ఇంజను కొంచెం నల్లపొగ వదలడం సహజమే. సమవేగంతో పోతున్నప్పుడు కూడా వదిలితే లోపమే. నల్లపొగకు మందు చాలా సందర్భాల్లో చవకైనదే.

నీలిపొగ అంటే నూనె మండుతున్నది. రింగులో, వాల్వు సీళ్లో, టర్బో సీలో అరిగిపోయాయి. ఇది ఖరీదైన జబ్బు.

తెల్లపొగ చలిలో కొద్ది క్షణాలు వచ్చి ఆగిపోతే భయం లేదు. ఆగకుండా వస్తూ కళ్లు మండించే వాసన ఉంటే మండని ఇంధనం బయటకు వస్తున్నదన్నమాట. తియ్యని వాసన ఉంటే రేడియేటరులోని కూలెంట్ సిలిండరులోకి కారుతున్నది. ఈ రెండవది కనిపిస్తే బేరం అక్కడితో ముగించడం క్షేమం.

ఇంజను ఊపిరి

ఇంజను వేడెక్కిన తరువాత, నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పైన ఉండే నూనె మూతను విప్పి, తలకిందులుగా అదే రంధ్రం మీద పెట్టండి. మూత కొంచెం కదలడం, పలుచని ఆవిరి రావడం సాధారణం. మూత ఎగిరిపడినా, రైలు ఇంజను మాదిరి గుప్పుగుప్పున పొగ వచ్చినా సిలిండరులోని వాయువు రింగులను దాటి కిందికి దిగుతున్నదని తెలుసుకోవాలి. ధూళి తిన్న ఇంజనుకు ఇది ముఖ్య లక్షణం. పైసా ఖర్చులేని ఈ పరీక్ష వేసవిలో కూడా నిజమే చెబుతుంది.

కొంచెం ఖర్చు పెట్టగలిగితే ప్రతి సిలిండరులోని పీడనాన్ని కొలిచే కంప్రెషన్ టెస్టు చేయించాలి. అన్ని సిలిండర్ల అంకెలూ దగ్గరదగ్గరగా ఉండటం ముఖ్యం. ఒకటి మాత్రం బాగా తగ్గితే ఆ సిలిండరులో గాయం ఉన్నట్లే.

గాలి వచ్చే దారి

ఇంజను ఆపి గాలి వడపోత పెట్టె తెరవాలి. కొత్త వడపోతను చూసి సంతోషపడరాదు. అది నిన్ననే మార్చినది కావచ్చు. చూడవలసింది వడపోత దాటిన తరువాతి భాగం. తెల్లని గుడ్డను వేలికి చుట్టి, వడపోతకు, ఇంజనుకు మధ్య గొట్టం లోపలి గోడను తుడవండి. గుడ్డకు పొడి ధూళి అంటితే, ఆ ధూళి ఇంజను కడుపులోకి చాలాకాలంగా పోతున్నదని అర్థం. గొట్టాల రబ్బరు ఎండకు పగిలిందా, క్లిప్పులు బిగువుగా ఉన్నాయా, పెట్టె మూత అంచు సరిగా కూర్చుంటున్నదా అని కూడా గమనించాలి.

టర్బో ఉన్న ఇంజనులో ఆ గొట్టం విప్పితే చిన్న రెక్కల చక్రం కనిపిస్తుంది. రెక్కల అంచులు వాడిగా, సమానంగా ఉండాలి. ఇసుక కొట్టిన రెక్కలు అరిగి, మొద్దుబారి ఉంటాయి. చక్రాన్ని వేలితో కదిపినప్పుడు కొద్దిగా ఊగవచ్చు గాని పక్క గోడకు తగలరాదు.

నూనె, నీరు

డీజిల్ ఇంజను నూనె నల్లగా ఉండటం దోషం కాదు. మసి కలవడం వల్ల మార్చిన కొద్ది రోజులకే అది నల్లబడుతుంది. తేనెరంగులో మెరిసే నూనె కనబడితే దానిని అమ్మకానికి ముందే మార్చారని మాత్రమే అర్థం. నూనె మజ్జిగ రంగుకు తిరిగితే నీరు కలిసింది. కొలకర్రపై గుర్తును మించి ఉండి, పలుచగా, డీజిల్ వాసన కొడితే ఇంధనం కలుస్తున్నది. నూనెను ప్రయోగశాలలో పరీక్షించే వీలుంటే అందులోని సిలికాన్ పాలు ధూళిని, ఇనుము పాలు అరుగుదలను తెలియజేస్తాయి. పెద్ద సంస్థలు తమ యంత్రాలకు ఈ పద్ధతినే వాడతాయి.

రేడియేటరు మూతను ఇంజను పూర్తిగా చల్లారినప్పుడే తీయాలి. వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది. లోపల తుప్పునీరు కాకుండా రంగు కూలెంట్ ఉండాలి. దానిపై నూనె తెట్టె తేలరాదు. రేడియేటరు రేకుల సందుల్లో ఇసుక, మట్టి గట్టిపడి ఉంటే గాలి ఆడదు. వేడికి హెడ్ గాస్కెట్ పోవడం, సిలిండరు హెడ్ బీటలు వారడం ఇటువంటి నిర్లక్ష్యం ఫలితాలే. ఇతర దేశాల మార్కెట్ కోసం తయారై ఇక్కడికి చేరిన వాహనాలలో శీతలీకరణ వ్యవస్థ గల్ఫ్ వేడికి తగినది కాకపోవచ్చు. కనుక ఇది గల్ఫ్ స్పెసిఫికేషన్ వాహనమేనా అని అడిగి నిర్ధారించుకోవాలి.

ఇంధన వ్యవస్థ: పాత తరం, కొత్త తరం

పాత తరం డీజిల్ ఇంజనులో యాంత్రికమైన పంపు ఇంధనాన్ని చిమ్మేది. అది కొంత మురికిని సహించేది. నేర్పరి మేస్త్రీ దానిని విప్పి బాగుచేసేవాడు. 1997లో ఆల్ఫా రోమియో 156 కారుతో ‘కామన్ రైల్’ పద్ధతి కార్లలోకి వచ్చింది. అప్పుడు దాని పీడనం 1,350 బార్లు, నేడు 2,000 బార్లు దాటింది. కారు టైరులోని గాలి పీడనం రెండు బార్లకు కాస్త అటూ ఇటూ ఉంటుందని గుర్తుచేసుకుంటే దీని తీవ్రత తెలుస్తుంది. ఇంత పీడనాన్ని నిలపడానికి ఇంజెక్టరు భాగాల మధ్య ఖాళీ కొన్ని మైక్రాన్లే ఉంటుంది. నీటిచుక్క, సన్నని ఇసుక రేణువు చాలు వాటిని పాడుచేయడానికి. ఒక్కొక్క ఇంజెక్టరు ఖరీదు ఎంతో షువైఖ్‌లోని విడిభాగాల దుకాణంలో ముందుగానే విచారించి, ఆ మొత్తాన్ని సిలిండర్ల సంఖ్యతో హెచ్చించి చూస్తే బేరం చవకా కాదా అన్నది తేలిపోతుంది.

కొత్త తరం వాహనాన్ని స్కానరుతో పరీక్షించడం తప్పనిసరి. అమ్మకందారు లోపాల సంకేతాలను ముందే చెరిపివేసి ఉండవచ్చు. కాబట్టి అరగంట నడిపిన తరువాత మళ్లీ ఒకసారి చూడాలి. ఇంధన వడపోత అడుగున చేరిన నీటిని వదిలి చూస్తే యజమాని శ్రద్ధ ఎంతటిదో తెలుస్తుంది. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజనులో దానిని ఎప్పుడు మార్చారో రసీదుతో సహా అడగాలి. రుజువు లేకపోతే మార్చనట్లే భావించి, ఆ ఖర్చును ధరలోంచి తగ్గించాలి. బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులను ఢీకొని ఇంజను మొత్తానికే ప్రమాదం.

మీటరు లెక్కించని గంటలు

ఇక్కడి వాహనాలకు మరొక ప్రత్యేకత ఉంది. వేసవిలో ఏసీ కోసం ఇంజను ఆపకుండా గంటల తరబడి నిలిపి ఉంచుతారు. చక్రం కదలదు కనుక మీటరు కదలదు. ఇంజను మాత్రం అరుగుతూనే ఉంటుంది. అందుకే మీటరు లక్ష చూపినా ఇంజను రెండు లక్షల వయసులో ఉండవచ్చు. బ్రేకు పెడల్ రబ్బరు, స్టీరింగ్ పట్టు, డ్రైవరు సీటు అంచు, తలుపు పిడి ఎంత అరిగాయో చూసి మీటరుతో పోల్చండి. ఛాసిస్ నంబరు చెబితే కంపెనీ ఏజెన్సీలో జరిగిన సర్వీసుల వివరాలు, ఆనాటి కిలోమీటర్లు యజమాని ద్వారా తెలుసుకోవచ్చు.

చట్రం, చక్రాలు

తీరప్రాంతాలలోని ‘సబ్‌ఖా’ నేలల్లో ఉప్పు ఉంటుంది. ఆ బురదలో తిరిగి, కడగకుండా వదిలిన వాహనం చట్రం లోపలి నుండి తుప్పు పడుతుంది. చిన్న సుత్తితో చట్రాన్ని అక్కడక్కడ తట్టండి. గంటలా మోగితే మంచిది, బద్దగా వినిపిస్తే తుప్పు తినేసింది. వాహనమంతా పాతబడి, కిందిభాగానికి మాత్రం తాజాగా నల్లరంగు వేసి ఉంటే ఆ రంగు కింద ఏముందో అనుమానించాలి. స్టీరింగ్ పెట్టె, స్ప్రింగులు బిగించిన చోట్ల బీటలు, అతుకులు వెతకాలి. 2018 నవంబరులో కువైట్‌లో వచ్చిన వరదలలో అనేక వాహనాలు మునిగాయి. అంతకుముందు తయారైన వాహనమైతే కార్పెట్ కింద బురద, సీటు పట్టాలకు తుప్పు, దీపాలలో తేమచారలు ఉన్నాయేమో చూడటం మంచిది.

టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. ‘2319’ అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. ఇసుకలో నడపడానికి గాలి తగ్గించవలసి వస్తుంది. అప్పుడు టైరు ఎక్కువగా వంగి వేడెక్కుతుంది. గాళ్లు లోతుగా ఉన్నా, రబ్బరు ముసలిదైతే ఎడారికి పనికిరాదు.

ఫోర్ వీల్ డ్రైవ్‌ను తప్పక వేసి చూడాలి. అయితే కావలసినప్పుడే నాలుగు చక్రాలకు శక్తినిచ్చే పార్ట్ టైమ్ రకం వాహనాన్ని పొడి తారురోడ్డు మీద ఆ గేరులో మలుపు తిప్పరాదు. మలుపులో ముందు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు పోవాలి కాబట్టి గేర్లు బిగుసుకుంటాయి. ఇసుక నేల మీద వేసి, ‘లో’ గేరు కూడా పడుతున్నదా, ఏదైనా గరగర శబ్దం వస్తున్నదా, ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయా అని పరిశీలించాలి. ఎన్నో ఏళ్లుగా ఎవరూ వాడని ‘లో’ గేరు తుప్పుపట్టి కదలనే కదలకపోవచ్చు.

నడిపి చూడటం

పరీక్ష కనీసం అరగంట సాగాలి. ఏసీ పూర్తిగా పెట్టి, సుమారు 140 మీటర్ల ఎత్తున్న ముత్లా గట్టు ఎక్కించడం వంటి పరీక్ష మంచిది. ఎక్కేటప్పుడు వేడి సూచి మధ్యలోనే నిలకడగా ఉండాలి. గేర్లు జారరాదు. స్టీరింగ్ ఒకవైపు లాగరాదు. దిగిన తరువాత కిందికి వంగి నూనె, నీరు, డీజిల్ చుక్కలు ఎక్కడైనా కారుతున్నాయేమో చూడాలి. చివరగా ఇంజను ఆపి, వేడి మీదనే మళ్లీ స్టార్ట్ చేయాలి. చల్లగా లేచి, వేడిగా లేవని ఇంజనులో ఇంధన పంపు అరిగి ఉండే అవకాశం ఉంది.

కాగితాలు

యంత్రం బాగున్నంత మాత్రాన బేరం బాగున్నట్లు కాదు. దఫ్తర్‌లోని ఛాసిస్ నంబరును చట్రం మీద చెక్కిన నంబరుతో అక్షరం అక్షరం సరిచూడాలి. జరిమానాలు, వాయిదాల బాకీ, ఇన్సూరెన్సు గడువు విచారించాలి. యాజమాన్య బదిలీ పూర్తికాకుండా మొత్తం సొమ్ము చెల్లించరాదు. కువైట్ వాణిజ్య మంత్రిత్వ శాఖ వాడిన వాహనాల క్రయవిక్రయాలలో నగదు చెల్లింపును 2024లో నిషేధించింది. సొమ్ము బ్యాంకు ద్వారానే చెల్లించాలి. కొనేవారికి ఇది మేలే, ఎందుకంటే చెల్లింపుకు రుజువు మిగులుతుంది.

తిరిగి వెళ్లేటప్పుడు వాహనాన్ని స్వదేశానికి పట్టుకుపోవచ్చుననే ఆశ కొందరికి ఉంటుంది. భారత ప్రభుత్వ నియమాల ప్రకారం దిగుమతి చేసే వాడిన వాహనానికి స్టీరింగ్ కుడివైపు ఉండాలి, తయారై మూడేళ్లు దాటరాదు. కువైట్ వాహనాలకు స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. కనుక ఆ ఆశతో ఎక్కువ ధర పెట్టడం వ్యర్థం.

నిర్ణయం

ఈ పరీక్షలలో బయటపడే లోపాలను మూడు తరగతులుగా విభజించుకోవచ్చు. టైర్లు, బ్యాటరీ, వడపోతలు, బ్రేకు పలకల వంటివి ధర తగ్గించడానికి పనికివచ్చే లోపాలు. ఇంజెక్టర్లు, టర్బో, టైమింగ్ బెల్ట్ వంటివి ఖర్చును లెక్కవేసి, ధరలో తీసివేసిన తరువాతే ఆలోచించవలసిన లోపాలు. మూతను ఎగరగొట్టే ఇంజను, కూలెంట్ కలిసిన నూనె, బీటలు వారిన చట్రం, సరిపోలని నంబర్లు ఎంత తగ్గించి ఇచ్చినా కొనరాని లోపాలు.

ఉచితంగా చేయగల పరీక్షలన్నీ ముందు స్వయంగా చేసి, అవి నెగ్గిన వాహనాన్నే డబ్బిచ్చి మేస్త్రీకి చూపించాలి. ఆ మేస్త్రీని మనమే ఎంచుకోవాలి. అమ్మకందారు సూచించిన మనిషి ఎంత నిపుణుడైనా ఈ పనికి తగడు. మేస్త్రీకి ఇచ్చే కొద్ది దీనార్లు ఎక్కువనిపిస్తే, ఇంజను మళ్లీ కట్టించడానికి ఎంత అవుతుందో అతన్నే అడిగి చూడండి. అన్నిటికన్నా ముఖ్యంగా, “ఈ రోజే తీసుకోకపోతే రేపు ఉండదు” అనే మాటకు లొంగకండి. కువైట్‌లో వాడిన వాహనాలకు కొదవ లేదు. వద్దని తిరిగి వచ్చిన వాహనం వల్ల పోయేది ఒక్క ఉదయం మాత్రమే.